సిలికాన్ ట్యూబు, అర సీసా నీళ్ళు: పొద్దున గొంతుకీ సాయంత్రం గొంతుకీ నాలుగు నెలలు వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నాను, ఇది రెండొందల రూపాయలు కూడా చేయని వస్తువు: ఒక కొస నీళ్ళలో ముంచి, స్వరంతో ఊదుతూ గొంతుకి వ్యాయామం చేయించే సిలికాన్ గొట్టం, ఈ పద్ధతిని లాక్స్ వాక్స్ అంటారు. చూడ్డానికి అక్వేరియంలో గాలి బుడగలు వదిలే గొట్టంలానే ఉంటుంది, దీనికింత పెద్ద రివ్యూ ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ పాడేవాళ్ళకీ, రోజంతా మాట్లాడి బతికేవాళ్ళకీ (నేను ఆ రెండూ) ఇది ఏ వేళకి పనికొస్తుందో, ఏ వేళకి పనికిరాదో విడమరిచి చెప్పినవాళ్ళు నాకెవరూ దొరకలేదు. అమ్మేవాళ్ళు ‘గొంతు బాగవుతుంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏ గొంతు? పొద్దున అయిదింటి గొంతా, పదకొండింటి గొంతా, ఆరో పీరియడ్ అయ్యాక మిగిలిన గొంతా? మూడూ వేరు వేరు గొంతులు, ఆ సంగతి నాకు తెలియడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

నాది రాజమండ్రి. హైస్కూల్లో సోషల్ చెప్తాను, రోజుకి ఆరు పీరియడ్లు, కొన్ని క్లాసుల్లో అరవై మంది పిల్లలు, మైకు ఉండదు. కర్ణాటక సంగీతం తొమ్మిదో ఏట మొదలుపెట్టాను, శ్రుతి (పాటకి ఆధారంగా పట్టుకునే ‘స’) అయిదున్నర. దసరాకి గుళ్ళో పాడతాను, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిగానానికి, అంటే అందరూ కలిసి ఆయన పంచరత్న కీర్తనలు అయిదూ పాడేదానికి, తప్పకుండా వెళ్తాను.

గత ఏడాది ఆరాధనకి ఏమైందంటే, ముందు రోజు రాత్రి హైదరాబాద్‌లో ఏసీ బస్సెక్కి తెల్లవారి ఆరున్నరకి ఇక్కడ దిగాను. స్నానం చేసి, చీర మార్చుకుని, ఎవరితోనూ రెండు మాటలైనా మాట్లాడకుండా ఎనిమిదిన్నరకి వెళ్ళి గోష్ఠిలో కూర్చున్నాను. నాట, గౌళ రాగాల కీర్తనలు గడిచాయి. ఆరభిలో పైకి వెళ్ళే చోట తారస్థాయి గాంధారం (పై స్థాయి ‘గ’) అందుకోబోతే గొంతు రెండుగా చీలిపోయింది. పక్కనున్నావిడ తిరిగి చూశారు. వరాళికీ, శ్రీరాగానికీ పెదవులు మాత్రం కదిపి కూర్చున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు పాఠం చెప్పినవాళ్ళకి ఫోన్ చేస్తే ‘సాధన తగ్గించేశావమ్మా’ అన్నారు. ఆ మాట పట్టుకుని ఆర్నెల్లపాటు పొద్దున్నే లేచి, లేచిన పావుగంటకే తారస్థాయి మీద పడ్డాను. ఎంత చేస్తే అంత బొంగురు. ఆదివారం పదకొండింటికి వంట చేస్తూ పాడుకుంటే మాత్రం అవే స్వరాలు హాయిగా పలికేవి. సాధనకి కూర్చుంటే రాని గొంతు సాంబారు దగ్గర ఎలా వస్తోందో అర్థం కాక, చివరికి విశాఖలో ఒక ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

రాత్రి చెల్లెలి ఇంట్లో పడుకుని పొద్దున ఎనిమిదింటికే వెళ్ళాను. నాలుకని గాజుగుడ్డతో పట్టుకుని సన్నటి కెమెరా గొట్టం లోపలికి పెట్టి, “గట్టిగా కాదమ్మా, మామూలుగా ‘ఈ’ అనండి” అన్నారు. తెర మీద నా స్వరతంత్రులు. ‘తంత్రులు’ అంటే వీణ తీగల్లా ఉంటాయనుకునేదాన్ని ఇన్నాళ్ళూ, తీరా చూస్తే అవి రెండు మడతలు, తెల్లగా, తడిగా, లోపల గాలిగొట్టం నోటికి అటూ ఇటూ అతుక్కుని. ఆడవాళ్ళలో ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవే ఉంటాయట. మెరుస్తూ ఆరుతూ ఉండే లైటుని స్వరానికి తగ్గట్టు వేస్తే, ట్యూబులైటు కింద ఫ్యాను రెక్కలు ఒక్కోసారి మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి చూడండి, అలా వాటి కదలిక మెల్లగా కనిపించింది. అంచులు కాస్త గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి, రెండు మడతల మధ్య జిగురు దారంలా తెమడ సాగుతోంది. “సాయంత్రం ఒకసారి రండి” అన్నారు. అయిదింటికి మళ్ళీ చూసి రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టారు. సాయంత్రం వీడియోలో అంచులు పలచబడ్డాయి, ఆ జిగురు లేదు. ఒకే మనిషి, ఒకే రోజు. నాకైతే ఒళ్ళు జలదరించింది.

డాక్టరు గారు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. ఆ మడతకి పైన పలచటి చర్మం, దాని కింద జెల్లీలాంటి మెత్తటి పొర, ఆ లోపల స్నాయువు, కండరం. పాడినప్పుడు ఎక్కువగా అలలాడేది పైనున్న చర్మం, జెల్లీ పొరే. రాత్రంతా పడుకుంటే ఒంట్లోని నీరు తలవైపు, మెడవైపు కాస్త ఎక్కువ చేరుతుంది, పొద్దున మొహం ఉబ్బినట్టుండేది ఇందుకే, ఆ ఉబ్బు మడతల్లోనూ ఉంటుంది. మడత మందమైతే మెల్లగా ఊగుతుంది, మెల్లగా ఊగితే స్వరం కిందికి దిగుతుంది, లావు తీగ మంద్రం పలికినట్టే. దీనికి తోడు నోరు తెరుచుకుని నిద్రపోతే, ఏసీలో పడుకుంటే, పైన తడి ఆరిపోయి తెమడ చిక్కబడుతుంది. ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతంలో బాగా తక్కువగా ఉంటుంది, సాయంత్రానికి బాగా పెరుగుతుంది, కండరాలూ దాంతోపాటే సాగుతాయి. లేచి నిలబడి తిరుగుతూ ఉంటే నీరు కిందికి దిగుతుంది, రెండు మూడు గంటల్లో మడతలు మామూలవుతాయి. నేను బస్సు దిగిన రెండు గంటలకి, గొంతు విప్పకుండానే, సెకనుకి దాదాపు అయిదొందల సార్లు ఊగమని వాటిని అడిగాను. అవి ఊగలేదు. సాధన లోపం కానే కాదు, అది విన్నరోజు నాకు ఎంత బరువు దిగిందో చెప్పలేను.

ఆయనే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపారు, ఆవిడే ఈ ట్యూబు పరిచయం చేశారు. పద్ధతి పేరు లాక్స్ వాక్స్. ఫిన్లండ్‌లో ముందునుంచీ గొంతు వైద్యంలో గాజు గొట్టాలు వాడే అలవాటు ఉంది, మార్కెటా సిహ్వో అనే ఫిన్లండ్ థెరపిస్టు మెత్తటి సిలికాన్ గొట్టంతో దీన్ని తయారుచేశారు. ట్యూబు పొడవు 35 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 9 నుంచి 12 మిల్లీమీటర్లు. అర లీటరు సీసాలో సగం నీళ్ళు పోసి, ట్యూబు కొసని రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, ఇవతలి కొసని పెదవుల మధ్య బిగువు లేకుండా పట్టుకుని, ‘ఊ’ అంటూ ఊదాలి. ఉత్త గాలి కాదు, స్వరంతో ఊదాలి. బుడబుడమని బుడగలొస్తాయి, అంతే.

అంతేనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కిటుకంతా ఎక్కడుందంటే, నీళ్ళు అడ్డం ఉన్నాయి కాబట్టి ఊదిన గాలి కొంత ఒత్తిడిగా వెనక్కి నిలబడుతుంది, ఆ ఒత్తిడి స్వరతంత్రుల మీద పైనుంచి ఆని అవి ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కాస్త ఎడంగా ఉంచుతుంది. తక్కువ బలంతోనే ఊగడం మొదలుపెడతాయి. బుడగ పగిలినప్పుడల్లా ఆ ఒత్తిడి పెరిగి తరుగుతుంది, దాంతో లోపల మర్దన చేసినట్టుంటుంది. మొదటిరోజే బుగ్గలు, ముక్కు పక్కలు, పై పెదవి అన్నీ జుమ్మని అదిరాయి.

పొద్దున నా పద్ధతి ఇలా కుదిరింది. అయిదింటికి లేచి మొహం కడుక్కుని రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్ళు తాగి, పాలు కాచి, వాకిలి ఊడ్చి, అంటే ఓ అరగంట నిలబడి తిరిగాకే ట్యూబు పట్టుకుంటాను. మొదటి రెండు నిమిషాలు ఒకే స్వరం, ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ. తర్వాత కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జారుడు, స్వరస్థానాల మీద ఆగకుండా. మధ్యలో బుడగల వరస తెగిందంటే గొంతు అక్కడ పట్టేస్తోందన్నమాట, అక్కడ బలవంతం చేయకుండా వెనక్కొచ్చి మళ్ళీ జారాలి. చివర్లో ట్యూబులోనే స, ప, పై స. మొత్తం పది నిమిషాలు. మొదటివారం అత్తయ్య గారు పక్క గదిలోంచి “అమ్మాయ్, పొయ్యి మీద అన్నం పొంగుతున్నట్టుంది చూడు” అని లేచి వచ్చేశారు, కాబట్టి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పుకోండి.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని నెల రోజులు రాసి పెట్టాను, రోజూ ఒకే వాక్యం, తేదీ, వారం చదివేదాన్ని. ఇవి నా ఒక్కదాని గొంతు కొలతలు, మీవి వేరుగా ఉంటాయి. లేవగానే మాట సుమారు 172 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్నిసార్లు ఊగడం) దగ్గర ఉండేది, పదింటికి 198, స్కూలు అయ్యాక 224 దాకా వెళ్ళేది. నా ఆధార షడ్జమం (‘స’) 208 కాబట్టి, లేవగానే నేను మాట్లాడేది షడ్జమం కంటే కిందన్నమాట, సాయంత్రం దాటి పైన. ట్యూబు వాడక ముందు తారస్థాయి పంచమం (పై స్థాయి ‘ప’), అంటే 620 పైచిలుకు, తొమ్మిదిన్నర పదైతే గానీ అందేది కాదు. వాడటం మొదలుపెట్టిన మూడోవారం నుంచి తార గాంధారం ఏడింటికే వస్తోంది, నలగకుండా. పంచమం మాత్రం ఇప్పటికీ ఎనిమిదిన్నర దాటాల్సిందే, అంతకు ముందే దాన్ని ఏ ట్యూబూ రప్పించలేకపోయింది. ఈ తేడా స్పష్టంగా చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను: ఇది గొంతుని మూడు గంటలు ముందుకి జరపదు, గంటో గంటన్నరో జరుపుతుంది.

ఇంకోటి కూడా గమనించాను. తెల్లవారుజామున మంద్రస్థాయి (కింది స్థాయి) నాకు ఎంత బాగుంటుందంటే, మంద్ర పంచమం దాటి మధ్యమం దాకా, 138 హెర్ట్జ్ దాకా, దిగి నిలబడగలను. సాయంత్రం అది ఉత్త గాలి. మన పెద్దవాళ్ళు తెల్లవారుజామునే లేచి మంద్రస్థాయి సాధన చేయమన్నది, హిందుస్తానీ వాళ్ళు ఖరజ్ అంటూ పొద్దున్నే కింది షడ్జమం పట్టుకుని కూర్చునేది ఊరికే కాదు. ఆ వేళకి గొంతు అక్కడే ఉంటుంది మరి. నాకు అకార సాధకం (‘ఆ’ అంటూ స్వరాలు పాడే సాధన) నేర్పినప్పుడు కూడా మొదట మంద్రం, తర్వాత మధ్య, ఎండెక్కాకే తారం అని చెప్పిన మాట గుర్తుంది, కారణం చెప్పకపోవడంతో నేనే వదిలేశాను. చిన్నప్పుడు విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వింటూ వీళ్ళకి ఇంత పొద్దున ఇంత తేటగా గొంతెలా వస్తుందా అని అసూయపడేదాన్ని, అవి ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న పాటలని అమ్మ చెప్పాక కూడా నా గొంతే మంచిది కాదన్న బెంగ పోలేదు.

ఇక స్కూలు వేళ. పొద్దున గొంతు ఉబ్బి కిందికి దిగుతుంది, సాయంత్రం గొంతు అలిసి పైకి బిగుసుకుంటుంది, ఈ రెంటికీ ట్యూబు చేసే పని ఒకటి కాదు. లెక్క వేసి చూడండి, ఆరు పీరియడ్లలో ఆగి ఆగి మాట్లాడినవన్నీ కలిపి ఒక గంట శబ్దం వచ్చిందనుకున్నా, సెకనుకి 200 చొప్పున ఆ రెండు మడతలూ ఏడు లక్షల ఇరవై వేల సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అదీ అరవై మంది పిల్లల గోల మీదుగా గొంతు పెంచి. అందుకే అయిదింటికి మాట హెచ్చుగా ఉండి కూడా నెమ్మదిగా పాడాలంటే రాదు. తార షడ్జమం, నిద్రపోతున్న పసిపిల్ల లేవనంత మెల్లగా పాడి చూడండి. గట్టిగా వస్తూ మెల్లగా రావడం లేదంటే మడతలు వాచి ఉన్నాయని అర్థం, థెరపిస్టు చెప్పిన ఈ చిన్న పరీక్ష నేను రోజూ చేసుకుంటాను. రాని రోజు సాయంత్రం సాధన మానేస్తాను, సంకోచం లేకుండా. స్కూల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్ రూములో మూడు నిమిషాలు, ఇంటికి రాగానే అయిదు నిమిషాలు ట్యూబు ఊదితే ఆ మెల్లటి షడ్జమం చాలాసార్లు తిరిగి వస్తోంది. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగింది ఇక్కడే. పొద్దున సన్నాహం కోసం కొన్నాను, సాయంత్రం అలసట కోసం దాచుకుంటున్నాను. రాత్రి పాట అయిపోయాక కూడా పైనుంచి కిందికి నాలుగు జారుళ్ళు ఊది పడుకుంటే మర్నాడు గొంతు తేలిగ్గా లేస్తుంది.

పనిచేయని సందర్భాలు కూడా చెప్పాలి. ఒకటి, రాత్రి ఆలస్యంగా తిన్నప్పుడు. నవంబరులో బంధువుల పెళ్ళిలో పదకొండింటికి పులిహోర, మిరపకాయ బజ్జీలు, గుత్తివంకాయ తిని వచ్చి పడుకున్నాను, పొద్దున గొంతు అడుగున ఏదో గీసినట్టు, నోరు పుల్లగా. కడుపులో పులుపు పడుకున్నప్పుడు పైకి ఎగదన్ని స్వరపేటిక వెనక భాగాన్ని తాకుతుంది, ఆ మంటకి పైనుంచి బుడగలు ఊది లాభం లేదు. ఇప్పుడు ఎనిమిదికి ముందే తినేస్తున్నాను, పడుకోవడానికీ తిండికీ మూడు గంటల ఎడం, మంచం తలవైపు కాళ్ళ కింద చెరో ఇటుక. నిజం చెప్పాలంటే ట్యూబు ఎంత సాయం చేసిందో ఆ రెండు ఇటుకలూ అంత చేశాయి. రెండు, నెలసరికి ముందు రెండు మూడు రోజులు. అప్పుడు కూడా మడతలు కాస్త నీరు పట్టి ఉంటాయట, పైస్వరాలు మొద్దుబారతాయి. ఇన్నేళ్ళూ ఈ మాట ఏ పాఠంలోనూ ఎవరూ అనలేదు, ఆడపిల్లలకి పాఠం చెప్పేవాళ్ళు దయచేసి చెప్పండి. మూడు, జలుబు చేసినప్పుడు. అప్పుడు నోరు మూసుకోవడమే.

మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ, అతిమధురం ఇవన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి, మానలేదు. అయితే ఒక సంగతి తెలుసుకోండి, మనం మింగేది ఏదీ స్వరతంత్రులని తాకదు, తాకితే పొలమారి చస్తాం. కరక్కాయ చప్పరిస్తే లాలాజలం ఊరి గొంతు హాయిగా ఉంటుంది, అంత వరకే. నీళ్ళు తాగితే అవి ఒంటికి పట్టి, అక్కడినుంచి మడతలకి తడి చేరాలి, కాబట్టి వేదిక ఎక్కే ముందు గటగటా తాగినవి ఆ పాటకి అందవు. నేరుగా తాకేది ఆవిరి ఒక్కటే, అది కూడా మందులేవీ కలపని వట్టి నీళ్ళ ఆవిరి. బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం రోజూ నమలొద్దు, అది బీపీ పెంచుతుంది. ఇంకా, మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు నాకు బాగా ఉండేది, అది రెండు మడతల్నీ తీసుకెళ్ళి ఒకదానికొకటి బాదడమే. దాని బదులు ఒక గుటక మింగడం నేర్చుకున్నాను, ఇంకా పూర్తిగా రాలేదు.

కొనేవాళ్ళకి. మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన ట్యూబు ఎందుకూ పనికిరాలేదు, వెడల్పు 6 మిల్లీమీటర్లే, పైగా టైరు వాసన, నోట్లో పెట్టుకుంటే వాంతి వచ్చినంత పనైంది, వెనక్కి తీసుకోమంటే నోటిలో పెట్టుకునే వస్తువు తీసుకోం అన్నారు. రెండోసారి మాత్రం ఆహారపదార్థాలకి వాడే సిలికాన్ అని చూసుకుని, స్కేలుతో లోపలి వెడల్పు కొలిచి, 10 మిల్లీమీటర్లది మీటరు కొనుక్కున్నాను, నూట ఎనభై రూపాయలు. సీసాలో నీళ్ళు ఏపూటకాపూట పారబోయాలి. ట్యూబుని వాడగానే కడిగి తలకిందులుగా వేలాడదీయాలి, వారానికోసారి మరగబెట్టాలి. వానాకాలంలో ఒకసారి బద్ధకించాను, మూడో రోజుకి లోపల నల్లటి చుక్కలు. అది పారేశాను. ఒకరిది ఒకరు వాడకూడదు, పిల్లలు సరదాపడితే వాళ్ళకి వేరే ముక్క. మూడు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే మాత్రం ట్యూబు పక్కన పెట్టి, కెమెరా ఉన్న ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి, ఏ కారణమో తెలియకుండా ఊదుతూ కూర్చోవద్దు.

నేను అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ శుభ్రం చేసే చాకిరీకి, ఇంకా పొద్దున పంచమానికి.

ఈ ఏడాది ఆరాధనకి బస్సు ప్రయాణం పెట్టుకోలేదు. ముందురోజు ఏడున్నరకే తిని, నాలుగున్నరకి లేచి, ఆరింటికి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి ట్యూబు ఊదాను, దారంతా ఆటోలో పెదవులు మూసుకుని మంద్రంలో సన్నగా రాగం తీస్తూ వెళ్ళాను. ఆరభిలో ఆ చోటు వచ్చేసరికి గుండె దడదడలాడింది. గాంధారం వచ్చింది, నిలబడింది. పోయిన ఏడు తిరిగి చూసినావిడ ఈసారి కూడా నా పక్కనే కూర్చున్నారు.

కొన్న మీటరులో 35 సెంటీమీటర్ల ముక్క ఒకటి కోసి మా స్కూల్లో తెలుగు టీచరు గారికి ఇచ్చాను. ఆవిడ పాడరు, కానీ నాలుగో పీరియడ్ తర్వాత ఆవిడకి మాట పెగలదు. ఇప్పుడు స్టాఫ్ రూములో మధ్యాహ్నం రెండు సీసాలు బుడబుడలాడుతున్నాయి.